గొంతు చిన్నది కాదు, మానిటర్ చోటు తప్పు

సౌండ్‌చెక్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా నగరంలోని ఇండీ, రాక్, మెటల్ బ్యాండ్లలో పాడుతున్న, వాయిస్తున్న ఆడపిల్లల నుంచి వచ్చాయి. చాలామంది తమలోనే లోపం ఉందని ముందే తేల్చేసుకుని రాశారు. చదువుతూ పోతే లోపం మైకు పెట్టిన చోటులో, పాట ఎత్తుకున్న శ్రుతిలో, ప్లగ్గులో, రాతపూర్వకంగా లేని ఒప్పందంలో కనిపించింది. అందుకే ఈ నెల జవాబులు కాస్త పెద్దవి.

ప్రశ్న: మాది అయిదుగురి రాక్ బ్యాండ్. పాడేది నేను. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి పబ్బుల్లో కార్యక్రమాలు చేస్తాం. ప్రాక్టీసులో బాగానే వినిపించే నా గొంతు వేదిక మీద డ్రమ్స్, గిటార్ల కింద మునిగిపోతోంది. సౌండ్ పెంచమంటే మైకు కూత పెడుతోంది. ఇంజనీరు ‘ఇంకా గట్టిగా పాడండి మేడమ్’ అంటారు. నా గొంతు రాక్‌కు పనికిరాదా?
— గాయని, నాచారం

జవాబు: నిక్షేపంగా పనికొస్తుంది. ముందు మీ చేతికి ఏ మైకు ఇస్తున్నారో చూసుకోండి. ఎక్కువ చోట్ల ఉండేది ష్యూర్ ఎస్‌ఎం58. ఇది కార్డియాయిడ్ రకం. ముందు నుంచి వచ్చే శబ్దాన్ని బాగా తీసుకుంటుంది, సరిగ్గా తోక వైపు నుంచి వచ్చేదాన్ని అతి తక్కువగా తీసుకుంటుంది. కాబట్టి మానిటర్, అంటే మీ గొంతును మీకే వినిపించే స్పీకర్, మీ పాదాల ముందు ఉండాలి, మైకు తోక కొంచెం కిందికి వంగి ఆ మానిటర్ వైపే చూస్తుండాలి. బీటా 58ఎ లాంటి సూపర్‌కార్డియాయిడ్ మైకు అయితే లెక్క మారుతుంది. దానికి తోక వైపు కొంచెం వినబడుతుంది, చెవుడు ఉండేది వెనక పక్కలకి, ముందు నుంచి సుమారు 120 డిగ్రీల దగ్గర. దానికి మానిటర్లు ఎదురుగా కాక కుడి ఎడమ మూలల్లో పెట్టాలి. ఖరీదైన మైకు సొంతంగా కొనుక్కెళ్లి, మానిటర్ మాత్రం పాత చోటే ఉంచి, మునుపటి కంటే ఎక్కువ కూత తెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మైకు జాలీని పిడికిట్లో మూయకండి. మైకు తల వెనక ఉన్న సందుల వల్లే దానికి ఒక వైపు వినే గుణం వస్తుంది. అవి మూసుకుపోతే అన్ని వైపులా వింటుంది, మానిటర్‌ను కూడా. చూడ్డానికి బాగుంటుందని కొందరు అలా పట్టుకుంటారు, కూత పెట్టే కారణాల్లో అది మొదటిది.

తర్వాత దూరం. పెదవికి, జాలీకి మధ్య రెండు మూడు సెంటీమీటర్లు చాలు. దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ మీ గొంతు దాదాపు 6 డెసిబెల్ తగ్గుతుంది. రెండున్నర సెంటీమీటర్ల నుంచి పదికి జరిగితే 12 డెసిబెల్ పోయినట్టే. వెనక మోగుతున్న స్నేర్ మాత్రం మైకులో ఏమీ తగ్గదు. పై స్వరాల్లో మైకును అరచేతి వెడల్పు దాకా వెనక్కి తీయొచ్చు, అంతకు మించి వద్దు.

సౌండ్‌చెక్‌లో మెల్లగా ‘హలో, చెక్’ అనేసి దిగిపోవడం ఇంకో పొరపాటు. ఇంజనీరు ఆ మెల్లని మాటకే గెయిన్ (మైకు సిగ్నల్‌ను మొదట పెంచే మీట) పెడతారు. కార్యక్రమంలో చరణం ఎత్తుకోగానే ఎర్రలైటు వెలుగుతుంది, ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీట) కిందికి దింపుతారు, ఇక అది పైకి రాదు. చెక్‌లోనే మీ పాటల్లో అన్నింటికంటే గట్టిగా పాడే రెండు వరుసలు పూర్తి గొంతుతో పాడండి. గెయిన్ దానికే పెట్టమనండి.

మీకు ముందు పాడింది మగవాళ్లయితే ఆ ఛానెల్ ఈక్యూ (ఏ ధ్వనిని ఎంత పెంచాలో, తగ్గించాలో పెట్టే అమరిక) అలాగే మిగిలిపోయి ఉంటుంది. మగ గొంతులో గుమగుమ తగ్గించడానికి 200–300 హెర్ట్జ్ దగ్గర కోస్తారు. ఆడవాళ్ల గొంతులో కింది స్వరాలకు బలం ఉండేది సరిగ్గా అక్కడే. అది పోతే గొంతు రేకులా పలచబడుతుంది, అప్పుడు స్పష్టత కోసమని 3 కిలోహెర్ట్జ్ దగ్గర పెంచుతారు, గీరుకుపోయినట్టు వినిపిస్తుంది, పైగా కూత కూడా అక్కడే మొదలవుతుంది. ‘ఛానెల్ ఈక్యూ ఫ్లాట్ చేసి, హైపాస్ (కింది గుమగుమను కోసే మీట) 100 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పెట్టి మొదలుపెడదాం’ అని మర్యాదగా అడగండి. ఈ ఒక్క మాటకు మీకు పని తెలుసన్న సంగతి అవతలి మనిషికి అర్థమవుతుంది. ఆ తర్వాత మానిటర్‌ను నెమ్మదిగా పెంచుతూ, ఎక్కడ కూత మొదలైతే గ్రాఫిక్ ఈక్యూలో ఆ ధ్వనికున్న ఒక్క పట్టీని 3 డెసిబెల్ దింపాలి. రెండు మూడు పట్టీలతో ఆపేయాలి. పది పట్టీలు దింపితే కూతతో పాటు మీ గొంతూ పోతుంది.

మానిటర్‌లో మీ గొంతు, శ్రుతి చూసుకోవడానికి ఒక్క వాద్యం, అంతే అడగండి. చిన్న వేదిక మీద డ్రమ్స్ ఎలాగూ వినబడతాయి.

ఇక మీ బ్యాండు వాళ్లతో మాట్లాడాల్సినవి. గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టె) నేల మీద ఉంటే శబ్దం అంతా ఆ అబ్బాయి మోకాళ్లకు తగిలి పోతుంది, తనకు వినబడక పెంచుతూ పోతాడు, భరించేది మీరు. ఆంప్‌ను కుర్చీ మీద పెట్టి, అతని చెవి వైపు వంచితే తనంతట తనే తగ్గిస్తాడు. డ్రమ్మర్ 5బి కర్రల బదులు సన్నని 7ఎ వాడితే చిన్న గదిలో తేడా వెంటనే తెలుస్తుంది. ఇన్ని చేశాక కూడా వినబడకపోతే అప్పుడు గట్టిగా పాడే సంగతి ఆలోచిద్దాం.

ప్రశ్న: ముందు పాడిన అబ్బాయి మానేశాక నేను బ్యాండులో చేరాను. పాటలన్నీ అతని స్కేల్‌లోనే ఉన్నాయి. పై ఆక్టేవ్‌లో పాడితే అరుపు, కిందైతే గొణుగుడు. స్కేల్ మారిస్తే రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుస) పాడైపోతుందంటున్నారు.
— గాయని, సైనిక్‌పురి

జవాబు: కర్ణాటక కచేరీలో మగవాళ్లు ఒకటి, రెండు శ్రుతుల మధ్య పాడితే ఆడవాళ్లు నాలుగున్నర నుంచి ఆరు మధ్య పాడతారు. దాన్నెవరూ ఎప్పుడూ ప్రశ్నించరు. రాక్ బ్యాండు దగ్గరికి వచ్చేసరికే ఈ పేచీ. స్కేల్ మార్చాల్సిందే, ఈ విషయంలో మొహమాటం వద్దు.

ఎంత మార్చాలో లెక్క ఉంది. గొంతు పట్టుకోకుండా, వరుసగా పది సార్లు బలంగా పాడగలిగిన పై స్వరం ఏదో ఇంట్లో కీబోర్డు దగ్గర తేల్చుకోండి. ఎప్పుడో ఒకసారి అందే స్వరం లెక్కలోకి రాదు. అది బి4 (కీబోర్డు మీద నాలుగో ఆక్టేవ్‌లోని బి) అనుకుందాం. పాట జి స్కేల్‌లో ఉండి, ఆ అబ్బాయి పాడిన అత్యున్నత స్వరం జి4 అయితే నాలుగు సెమీటోన్లు (కీబోర్డు మీద పక్కపక్క మెట్లు) పైకి జరగాలి, పాట బి స్కేల్ అవుతుంది. గిటారిస్టు నాలుగో ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి పాత జి కార్డులే వాయిస్తాడు. తర్వాత కింది కొస చూడండి. అతని పల్లవి డి3 దాకా దిగితే మీకది ఎఫ్ షార్ప్ 3 అవుతుంది. చాలామంది ఆడవాళ్లకు అక్కడ బలం తక్కువ. ఆ వరుసల్లో మాత్రం పెదవి జాలీకి ఆనేంత దగ్గరగా తీసుకెళ్లండి. దగ్గరగా పాడితే ఈ రకం మైకులు కింది ధ్వనిని తమంతట తామే పెంచుతాయి.

రిఫ్ పాడవుతుందన్న మాటలో నిజం లేకపోలేదు. ఓపెన్ ఇ తీగ మీద కట్టిన రిఫ్‌ను కాపోతో పైకి తీసుకెళ్తే బరువు పోతుంది. అలాంటి పాటను ఇ నుంచి ఎ కు, అంటే అయిదు సెమీటోన్లు జరపండి. రిఫ్ ఓపెన్ ఎ తీగ మీదికి వచ్చి మళ్లీ నిండుగా మోగుతుంది. నాలుగుకు బదులు అయిదు జరపడం వల్ల పెరిగిన ఆ ఒక్క సెమీటోన్‌కు మీ గొంతు అందకపోతే ఆ చోట వరుస మార్చుకోండి. ట్యూన్‌లో ఒక స్వరం మారితే పాటకు వచ్చే నష్టమేమీ లేదు. గొంతు చించుకుని నెలకు రెండు కార్యక్రమాలు రద్దు చేసుకుంటేనే నష్టం.

ప్రశ్న: చీర కట్టుకుని ఎలక్ట్రిక్ గిటార్ వాయించాలని నా కోరిక. స్ట్రాప్ జారిపోతోంది, కుచ్చిళ్లు పెడల్‌లో పడుతున్నాయి. వైర్‌లెస్ ప్యాక్ (నడుముకు తగిలించే చిన్న డబ్బా) ఎక్కడ తగిలించాలో తెలియడం లేదు.
— గిటారిస్టు, హిమాయత్‌నగర్

జవాబు: తప్పకుండా వాయించండి, కుదురుతుంది. పైట, స్ట్రాప్ రెండూ ఎడమ భుజం మీదికే వస్తాయి కాబట్టి ఇబ్బంది అక్కడ మొదలవుతుంది. పట్టు మీద నైలాన్ స్ట్రాప్ నిలవదు. పైటను సన్నగా మడతలు పెట్టి, భుజం ముందూ వెనకా రెండు చోట్ల జాకెట్టుకు పిన్ను పెట్టండి. పిన్నులు స్ట్రాప్ దారిలో ఉండకూడదు, ఒత్తుకుంటాయి. స్ట్రాప్ ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పుతో, లోపలి వైపు స్వెడ్ తోలుతో ఉన్నది తీసుకోండి. దాని కొసలకు లాక్‌లు పెట్టించండి. పైట చెంగును వెనక నుంచి కుడి నడుము దగ్గరికి తెచ్చి దోపుకుంటే గిటార్ బ్రిడ్జి మీద పడదు.

వడ్డాణం గిటార్ వెనక పాలిష్‌ను గీకేస్తుంది, అది లేకుండానే కానివ్వండి. పొడుగు హారం తీగల కిందున్న పికప్‌కు తగిలితే టక్కుమని స్పీకర్లలో వినబడుతుంది. గాజులు కుడి చేతికి వద్దు.

చీరను చీలమండకు రెండంగుళాలు పైకి కట్టండి, చదును చెప్పులు వేసుకోండి. మడమ ఎత్తు చెప్పులతో ఒక స్విచ్చి తొక్కబోతే రెండు పడతాయి. పెడల్ బోర్డును మైకు స్టాండు కాళ్ల మధ్య ఇరికించకుండా కుడి పక్కకు ఒక అడుగు జరిపితే కాలు కుచ్చిళ్ల బయటికే పడుతుంది.

ప్యాక్ సంగతి. లంగా నాడా ఆ బరువు ఆపలేదు, రెండో పాటకే జారుతుంది. లంగా మీద, చీర కింద అయిదు సెంటీమీటర్ల ఎలాస్టిక్ బెల్టు పెట్టి, ప్యాక్‌ను కుడి తుంటి వెనక క్లిప్పు చేయండి. ఇయర్‌ఫోన్ల ప్యాక్ అయితే చెవికి పోయే వైరు జాకెట్టు వెనక లోపలి నుంచి పైకి రావాలి. యాంటెనా మడత పడకూడదు, చెమట పట్టిన ఒంటికి అంటుకోకూడదు. రెండింటిలో ఏది జరిగినా సిగ్నల్ తెగుతుంది. చెమట లోపలికి దిగితే ప్యాకే పోతుంది, పలచటి ప్లాస్టిక్ కవరు తొడగండి. కుర్తా వేసుకునేవాళ్లు లోపలి వైపు చిన్న జేబు కుట్టించుకుంటే ఈ తంటా ఉండదు.

ప్రశ్న: శామీర్‌పేట దగ్గర ఒక ఫామ్‌హౌస్ కార్యక్రమంలో గిటార్ వాయిస్తూ పాడుతుంటే పెదవికి షాక్ కొట్టింది. వాన పడి నేల తడిగా ఉంది. ‘మాకెవరికీ కొట్టలేదు, నువ్వు భయపడుతున్నావు’ అన్నారు.
— గాయని, గిటారిస్టు, అల్వాల్

జవాబు: వాళ్లకు కొట్టకపోవడానికి కారణం ఉంది. గిటార్ తీగలు, మైకు జాలీ రెండూ ఒకేసారి తాకేది మీరొక్కరే. తీగలు గిటార్ ఆంప్ ఎర్త్‌కు, జాలీ మిక్సర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఆంప్‌ను ఎర్త్ లేని సాకెట్‌లోనో, మూడో పిన్ను లేని అడాప్టర్‌లోనో, వేరే జనరేటర్ లైన్‌లోనో పెడితే రెండింటి మధ్య వోల్టేజీ తేడా వస్తుంది. ఆ తేడా మీ చేతి నుంచి పెదవికి ఒంట్లోంచే ప్రయాణిస్తుంది. చిమచిమలాడిందని సరిపెట్టుకోవద్దు, దీనితో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

అలాంటప్పుడు పాట మధ్యలోనైనా ఆపేయండి. వేదిక మీది ఆంప్‌లు, మిక్సర్, స్పీకర్లు అన్నీ ఒకే డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి, సరైన ఎర్త్‌తో రావాలి. ఆ బోర్డుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. లీకేజీ మొదలవగానే అది కరెంటు తెంచేస్తుంది. జనరేటర్ అయితే ఎర్తింగ్ చేశారా అని ఎలక్ట్రీషియన్‌ను దగ్గరుండి అడగండి. బ్యాగులో ఒక మామూలు మల్టీమీటర్ పెట్టుకోండి. ఏసీ వోల్టేజీ మీద ఉంచి ఒక కొస తీగకు, ఇంకో కొస జాలీకి ఆనించండి. సున్నాకు దగ్గరగా చూపాలి. పదుల్లో చూపిస్తే సరిచేసేదాకా మైకు దగ్గరికి వెళ్లొద్దు.

మైకుకు స్పాంజి టోపీ పెడితే చాలని చెప్పేవాళ్లుంటారు. అది రక్షణ కాదు, తడిస్తే అసలే కాదు. స్పీకర్లలో వచ్చే హమ్ (గుయ్‌మనే మోత) పోవడానికి ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం మన దగ్గర మామూలైపోయింది, చాలా ప్రమాదం. హమ్ తీయడానికి డీఐ బాక్సు (వాద్యాన్ని మిక్సర్‌కు కలిపే చిన్న పెట్టె) మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది, అది సిగ్నల్ తీగ ఎర్త్‌నే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు.

ప్రశ్న: మా బిడ్డకు పదహారేండ్లు. డ్రమ్స్ నేర్సుకుంటున్నది. ఉప్పల్ల అపార్ట్‌మెంట్ల ఉంటం. కింది ఫ్లాటోళ్లు రోజు లొల్లి వెడ్తున్రు. మా అత్తమ్మేమో ఆడపిల్లకు గిదేం పని అంటది. పోరి మాత్రం ఇడ్సిపెట్టనంటది. నాగ్గూడ నేర్పియ్యాల్ననే ఉన్నది. ఏం జెయ్యాలె?
— ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అమ్మా, నేర్పించండి. కింది వాళ్లకు వినిపించేది రెండు రకాల శబ్దం. గాల్లోంచి వచ్చేది ఒకటి, నేలలోంచి దిగేది ఒకటి. మొదటిదానికి మెష్ హెడ్లు (డ్రమ్ము మీద చర్మం బదులు బిగించే వల), రబ్బరు ప్యాడ్లు సరిపోతాయి. రెండోది కాలి పెడల్ దెబ్బ. ఎలక్ట్రానిక్ కిట్టు కొన్నా అది పోదు, చాలామంది డబ్బు పెట్టాక గాని ఈ సంగతి గ్రహించరు. దానికి ఇంట్లోనే ఒక వేదిక చేయించండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు రెండు తీసుకుని, కింది పలకలో అడుగుకొకటి చొప్పున అయిదు సెంటీమీటర్ల రంధ్రాలు వేయించి, వాటిలో టెన్నిస్ బంతులు కూర్చోబెట్టి, పైన రెండో పలక వేయాలి. పెడల్, సీటు వచ్చే చోట బంతులు దగ్గర దగ్గరగా ఉండాలి. పై పలక గోడకు తగలకూడదు, తగిలితే దెబ్బ గోడలోంచి దిగుతుంది. పైన పాత తివాచీ పరిస్తే కిట్టు జారదు. సాధన వేళ ఫలానా అని కింది వాళ్లకు ముందే చెప్పి, దానికి కట్టుబడితే సగం లొల్లి అక్కడే తగ్గుతుంది.

సీటు ఎత్తు చూడండి. తొడ మోకాలి వైపు కొంచెం కిందికి వాలి ఉండాలి. పెద్దవాళ్లకు పెట్టిన ఎత్తులోనే కూర్చుంటే మడమ ఆనదు, నడుము నొప్పి మొదలవుతుంది, చేతకావట్లేదని పిల్ల అనుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం చెవులు. నియోష్ అనే అమెరికా సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించొచ్చు, ప్రతి 3 డెసిబెల్‌కు ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర 15 నిమిషాలే. మామూలు డ్రమ్స్ 100 సులువుగా దాటుతాయి. మొదటి రోజు నుంచే ఇయర్‌మఫ్‌లు తొడిగించండి. పోయిన వినికిడి తిరిగి రాదు.

మీ అత్తమ్మగారికి రెండు పేర్లు చెప్పండి. మీకు దూరం కాని మౌలాలి గుట్ట కిందే మహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో పోయిన ఆమె నిజాం దరబారులో పాడింది, ఉర్దూ గజళ్లు రాసింది. ఇక కర్ణాటక సంగీతంలో ఆడవాళ్లు తాళవాద్యాలు అరుదుగా ముట్టే రోజుల్లో సుకన్యా రాంగోపాల్ ఘటం పట్టి పేరు తెచ్చుకున్నారు. కచేరీలకైతే పబ్బులు ఇప్పుడే వద్దు. తెలంగాణలో మద్యం వయసు 21, ఈడు చాలని పిల్లను అక్కడ కూర్చోబెడితే చిక్కులు. బంజారాహిల్స్‌లోని లామకాన్ లాంటి మద్యం లేని చోట్లు, కళాశాల వేడుకలు మొదటి వేదికలకు మంచివి.

ప్రశ్న: ఒక కేఫ్ గంట పాడమని పిలిచి మూడు గంటలు పాడించింది. డబ్బు అడిగితే ‘మీకు ప్రచారం వస్తోంది కదా’ అన్నారు. నా వీడియో వాళ్ల ప్రకటనలో కూడా వాడుకున్నారు.
— గాయని, కొండాపూర్

జవాబు: నోటి మాట మీద వెళ్లకండి. పెద్ద ఒప్పంద పత్రం అక్కర్లేదు, వాట్సాప్‌లో ఈ కాస్త పంపి, ‘సరే’ అని జవాబు తెప్పించుకుంటే చాలు: ‘ఫలానా తేదీ, 7.30 నుంచి 9.30 వరకు. 45 నిమిషాలవి రెండు సెట్లు, మధ్యలో విరామం. పారితోషికం ఇంత, సగం ముందుగా, మిగతాది వేదిక దిగగానే. అదనపు ప్రతి అరగంటకు ఇంత. మూడు రోజుల లోపల రద్దు చేస్తే అడ్వాన్సు వాపసు లేదు. గడియ ఉన్న గది, ఇంటికి తిరుగు క్యాబ్ మీదే. రికార్డు చేసి ప్రకటనలో వాడాలంటే నా రాతపూర్వక అనుమతి కావాలి.’ చివరి రెండు వాక్యాలు అడగడానికి చాలామంది సిగ్గుపడతారు. రాత్రి పూట గిటార్ మోసుకుని ఇల్లు చేరే ఖర్చు కూడా ఈ పనిలో భాగమే.

వీడియో గురించి మీకు చట్టం తోడుంది. కాపీరైట్ చట్టం 38ఎ సెక్షన్ ప్రకారం మీ ప్రదర్శనను రికార్డు చేసే, జనానికి అందించే హక్కు మీది. తీసేయమని, లేదా వాడినందుకు ఇంత ఇవ్వమని మెయిల్ రాయండి, తేదీ, లింకు, స్క్రీన్‌షాట్ జత చేయండి. పారితోషికంలో టీడీఎస్ కోసుకుంటే అది మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోండి. కోసుకుని కట్టనివాళ్లున్నారు. ఇతరుల పాటలు పాడితే దానికి కావాల్సిన లైసెన్సు కేఫ్ తీసుకోవాలి, ఆ ఖర్చు మీ మీద వేయనివ్వొద్దు. సొంతంగా రాసి, స్వరపరిచే పాటలుంటే రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి.

వేళ సంగతి కూడా రాతలో ఉండాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. జూబ్లీహిల్స్ పబ్బుల కేసులో హైకోర్టు 2022లో దీని మీద గట్టిగానే ఆదేశాలిచ్చింది. మేడ మీద పన్నెండు దాకా వాయించమంటే, పోలీసులు వచ్చినప్పుడు పోయేది మీ సామాను.

ప్రశ్న: ఒక నిర్వాహకుడు అర్ధరాత్రి మెసేజ్‌లు పెడుతున్నాడు, జవాబివ్వకపోతే స్లాట్ ఇవ్వనంటున్నాడు. నేను అక్కడ ఉద్యోగిని కాదు కదా, ఎవరికి చెప్పాలి?
— పేరు, ఊరు వద్దన్నారు

జవాబు: ఉద్యోగి కానక్కర్లేదు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 కింద అక్కడ పనిచేసినా, ఒక పని మీద వెళ్లినా ఫిర్యాదు చేయొచ్చు. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకంటే తక్కువ మంది ఉన్నా, వేధించింది యజమానే అయినా జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్లాలి, కలెక్టరేట్‌లో అడిగితే చెబుతారు. చివరి సంఘటన నుంచి మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించగలదు. ప్రేక్షకుల్లో ఒకడు ఒంటి మీద చెయ్యి వేసినా, అలాంటి బయటివాళ్ల నుంచి భద్రత కల్పించే బాధ్యత ఆ చోటు యజమానిదే.

మెసేజ్‌లు ఒక్కటి కూడా తీసేయకండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి, నంబరు, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ‘పని విషయాలు తప్ప ఇంకేమీ రాయవద్దు’ అని ఒక్కసారి స్పష్టంగా రాయండి. ఆ తర్వాత కూడా వెంటపడితే అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి వస్తుంది. పనికి లంకె పెట్టి కోరికలు కోరడం 75 కిందికి వస్తుంది. షీ టీమ్స్‌కు గాని, 112కు గాని చెప్పొచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181. బ్యాండులో కనీసం ఒకరికి మొత్తం తెలిసి ఉండాలి. ఇందులో మీ తప్పు రవ్వంత కూడా లేదు. ఆ ఒక్క చోటు పోతే పోనివ్వండి.

ప్రశ్న: మెటల్ బ్యాండులో గ్రౌల్స్ (గర్జించినట్టు గరుకుగా పాడటం) చేస్తాను. ఆడవాళ్ల గొంతుకు ఇది హాని అంటున్నారు. నిజమేనా?
— విద్యార్థిని, తార్నాక

జవాబు: తప్పుగా చేస్తే ఎవరి గొంతుకైనా హానే. ఆర్చ్ ఎనిమీ బ్యాండులో 2014 దాకా ఆంజెలా గాసో, తర్వాత అలిస్సా వైట్-గ్లజ్ ఏళ్ల తరబడి ప్రధానంగా గ్రౌల్స్‌తో పాడారు. గరుకు శబ్దం స్వరతంత్రుల పైనున్న మడతల నుంచి రావాలి, ఊపిరి పొట్ట నుంచి నిలకడగా రావాలి, బిగ్గరతనం మైకు ఇవ్వాలి. గొంతులో నొప్పి, దురద, దగ్గు వస్తే ఆ క్షణంలో ఆపేయాలి. మొదట్లో రోజుకు పది, పదిహేను నిమిషాలు మించొద్దు. కార్యక్రమం ముందు నెలసరి నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకండి. అవి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి, గట్టిగా పాడేటప్పుడు స్వరతంత్రిలో రక్తనాళం చిట్లే ప్రమాదం పెరుగుతుంది. బదులుగా పారాసిటమాల్ సంగతి మీ డాక్టరును అడగండి. గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు, అదీ శ్రమే, మౌనంగా ఉండండి. బొంగురు రెండు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు చేత ఎండోస్కోపీతో చూపించుకోండి.

ప్రశ్న: సొంతంగా ఒక్క వస్తువు కొనుక్కోగలను. ఏది కొనమంటారు?
— గాయని, మల్కాజిగిరి

జవాబు: మైకు. అందరూ పాడిన మైకులో పాడితే అందరి జలుబూ మీదే, పైగా ప్రతి చోటా మీ గొంతు ఒక్కలా వినిపించదు. ఎస్‌ఎం58తో మొదలుపెట్టండి. కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికితే జాగ్రత్త, నకిలీలు చాలా ఉన్నాయి. అసలుది 298 గ్రాములు తూగుతుంది, వంటింటి త్రాసు చాలు. తేడా పది ఇరవై గ్రాములు దాటితే, బిల్లు ఇవ్వనంటే వదిలేయండి. ఇంటికి తెచ్చాక నెలకోసారి జాలీ మర తిప్పి ఊడదీసి సబ్బు నీళ్లతో కడగండి. లిప్‌స్టిక్, ఉమ్మి పేరుకుంటే పై ధ్వనులు మొద్దుబారతాయి. లోపలి స్పాంజి పూర్తిగా ఆరాకే బిగించాలి, మిగతా భాగానికి నీళ్లు తగలనివ్వొద్దు.